ఇంజన్ రూమ్ ఫ్యాన్ డ్యాంపర్: లివర్ "షట్" మీద ఉంది, లోపల మాత్రం వెలుతురు కనిపిస్తోంది

బొగ్గుఓడ_ఫోర్త్
బల్క్ క్యారియర్, 19 ఏళ్ల ఓడ, నేను ఫోర్త్ ఇంజనీర్ని. ఇప్పుడు ఎన్నూర్ కామరాజర్ పోర్టులో బొగ్గు దించుతున్నాం. ఇంజన్ రూమ్ సప్లై ఫ్యాన్లు నాలుగు, ఒక్కోదానికి గుండ్రటి ట్రంకులో (గాలి వచ్చే గొట్టంలో) 1000 మి.మీ. సింగిల్ బ్లేడు డ్యాంపర్ (మంట వస్తే గాలి దారి మూసే పలక). గాలి ఒత్తిడితో తెరుచుకుని ఉంటుంది, ఫైర్ కంట్రోల్ స్టేషన్లో వాల్వ్ తిప్పి గాలి వదిలేస్తే స్ప్రింగు మూసేస్తుంది.

రెండో నంబరుది ఇబ్బంది పెడుతోంది. మిగతా మూడూ 4-5 సెకన్లలో పడిపోతున్నాయి. ఇది 40 సెకన్లు తీసుకుంటోంది. చివరికి లివర్ "షట్" గుర్తు మీదకే వస్తుంది, కానీ ఫ్యాన్ ఆపి కింద తలుపు తీసి చూస్తే పైనుంచి పగటి వెలుతురు పడుతోంది. యాక్చుయేటర్ (బ్లేడుని తిప్పే గాలి సిలిండర్) పోయినట్టేనా? స్పేర్ లేదు. మూడు రోజుల్లో సెయిలింగ్. పక్క బెర్తు ఓడకి నిన్న పీఎస్‌సీ వాళ్లు (విదేశీ ఓడల్ని తనిఖీ చేసే రేవు అధికారులు) వచ్చి వెళ్లారు.

కాట్టుపల్లి_ఫిట్టర్
యాక్చుయేటర్ మీద అప్పుడే చేయి వేయకు తమ్ముడూ. వెలుతురు ఒక పక్క నుంచి వస్తోందా, రెండు పక్కల నుంచా? స్టాపర్ పట్టీకీ (మూసినప్పుడు బ్లేడు ఆనేది) బ్లేడు అంచుకీ మధ్య ఖాళీ కొలిచి చెప్పు.

ఎలక్ట్రో_వైజాగ్
సోలినాయిడ్ చూడండి ముందు.

బొగ్గుఓడ_ఫోర్త్
సోలినాయిడ్ లేదు సార్, చేత్తో తిప్పే త్రీవే వాల్వే.
ఫిట్టర్ అన్నా, రెండు పక్కలా ఖాళీ ఉంది. చేయి దూరుతోంది. టేపు పెడితే ఒక వైపు 88, రెండో వైపు 85 మి.మీ. అది కాక బ్లేడు మీద ఒక అంచున నక్షత్రాల్లా సన్నటి చుక్కలు మెరుస్తున్నాయి.

కాట్టుపల్లి_ఫిట్టర్
అయితే నీ దగ్గర ఉన్నవి మూడు జబ్బులు, ఒకటి కాదు. విడివిడిగా చూడాలి.

రెండు పక్కలా ఒకే ఖాళీ అంటే బ్లేడు వంగలేదు, పూర్తిగా తిరగలేదు. ఒక పక్కే ఖాళీ ఉంటే బ్లేడు వంగిందనో, స్టాపర్ పట్టీ తుప్పు పొర పెరిగి ఉబ్బిందనో అనుకోవాలి. నీ బ్లేడు వ్యాసార్ధం 500. అంచు దగ్గర 87 మి.మీ. మిగిలిందంటే సుమారు 10 డిగ్రీలు తక్కువ తిరిగింది. లివర్ మాత్రం 90 తిరిగింది. ఆ 10 డిగ్రీలు లివర్‌కీ బ్లేడుకీ మధ్య ఎక్కడో పోతున్నాయి. ఎక్కడంటే పిన్ను దగ్గర.

స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) ఎంత లావు?

బొగ్గుఓడ_ఫోర్త్
30 మి.మీ. లివర్ బాస్‌లో (స్పిండిల్‌కి తొడిగే భాగంలో) టేపర్ పిన్ (ఒక చివర సన్నంగా ఉండే పిన్ను) ఉంది. బ్లేడుకి స్పిండిల్ రెండు యూ క్లాంపులతో బిగించి ఉంది.

కాట్టుపల్లి_ఫిట్టర్
30 స్పిండిల్ మీద 10 డిగ్రీలంటే చుట్టుకొలతలో 2.6 మి.మీ. మాత్రమే. పిన్ను రంధ్రం అంత మాత్రం అరిగితే చాలు, అంచు దగ్గర చేయి దూరే సందు వస్తుంది. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు, పెయింటు కప్పేసి ఉంటుంది.

లివర్ బాస్ మీద నుంచి స్పిండిల్ చివరి దాకా సుద్దతో ఒకే గీత గీయి. డ్యాంపర్ ఒకసారి మూసి తెరువు. గీత రెండు ముక్కలైతే పిన్ను. గీత కలిసే ఉంటే లోపల యూ క్లాంపు జారుతోంది.

రెండో_ఇంజనీర్_కాకినాడ
సుద్ద గీత కన్నా ముందు ఇంకో పని. ఫ్యాన్ బ్రేకర్ ఆఫ్ చేసి తాళం, ట్యాగ్. మిగతా మూడు ఫ్యాన్లు నడుస్తుంటే ఇంజన్ రూమ్‌లో ఒత్తిడి పెరిగి, ఆగిన ఫ్యాన్ గుండా గాలి వెనక్కి వస్తుంది. ఇంపెల్లర్ దానంతట అదే ఉల్టా తిరుగుతుంది. బ్రేకర్ తీశాం కదా అని ట్రంకులో చేయి పెట్టకూడదు. ఇంపెల్లర్‌ని తాడుతో కట్టండి. యాక్చుయేటర్‌లో స్ప్రింగు బిగించి ఉంటుంది, గాలి ఒక్కసారి పోతే బ్లేడు కత్తెరలా పడుతుంది. మనిషి లోపల ఉన్నంతసేపూ బ్లేడుకీ స్టాపర్‌కీ మధ్య చెక్క దిమ్మ ఉండాలి.

ఉప్పుగాలి
రెండో ఇంజనీర్ గారు చెప్పినది పెద్ద అక్షరాలతో రాసి ఫ్యాన్ రూమ్ తలుపు మీద అంటించాలి.

బొగ్గుఓడ_ఫోర్త్
గీత రెండు ముక్కలైంది అన్నా. లివర్ ముందు కదిలింది, స్పిండిల్ తర్వాత కదిలింది. పిన్నే.

మరి 40 సెకన్ల సంగతి?

రాయపురం_వర్క్‌షాప్
అరిగిన పిన్నుకి రంధ్రం పెద్దది చేసి 10 మి.మీ. బోల్టు వేసి నట్టు బిగించండి, అరగంట పని.

కాట్టుపల్లి_ఫిట్టర్
ఒప్పుకోను. బోల్టు ఎంత బిగించినా రంధ్రంలో కొంచెం సందు ఉంటుంది. డ్యాంపర్ పడ్డప్పుడల్లా ఆ సందులో కొట్టుకుని ఏడాదికి మళ్లీ ఇక్కడికే వస్తుంది. టేపర్ పిన్ను ఉన్నదే ఆ సందు లేకుండా చేయడానికి. లివర్, స్పిండిల్ సరైన స్థానంలో పట్టుకుని, 1:50 టేపర్ రీమరుతో రెండూ కలిపి ఒకేసారి తొలచాలి, పై సైజు పిన్ను వేయాలి. పాత రంధ్రం గుడ్డు ఆకారంలోకి అరిగిపోయి ఉంటే దాన్ని వదిలేసి, 90 డిగ్రీలు పక్కకి తిప్పి కొత్త రంధ్రం. 30 స్పిండిల్‌కి 8 మి.మీ. పిన్ను సరిపోతుంది.

డెక్కు_మీద_బోసన్
లివర్ని స్పిండిల్‌కి రెండు టాకులు వెల్డింగ్ పెడితే?

రెండో_ఇంజనీర్_కాకినాడ
బొగ్గు దించుతుండగా ఆ డెక్కు మీద హాట్ వర్క్ (నిప్పురవ్వలొచ్చే పని) ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అదొక్కటే కాదు. రేపు బుష్ (స్పిండిల్ తిరిగే గొట్టం) మార్చాలంటే స్పిండిల్ బయటికి రాదు, గ్రైండరుతో కోయాలి. వేడికి పక్కనే ఉన్న బుష్‌లో గ్రీజు మాడి అట్ట కడుతుంది.

రాయపురం_వర్క్‌షాప్
సరే, రీమరు విషయంలో ఫిట్టర్ అన్న మాట వింటాను. ఓడ మీద టేపర్ రీమరు లేకపోతే పారీస్ కార్నర్ వెనక హార్డ్‌వేర్ వీధుల్లో టూల్స్ దుకాణాలు ఉన్నాయి, అక్కడ అడిగించండి. పిన్నులు నాలుగైదు సైజులు తెప్పించుకోండి, 8, 10 రెండూ.

గాలిగొట్టం
40 సెకన్ల గురించి ఎవరూ చెప్పలేదు. ముందు జబ్బు ఏ వైపు ఉందో తేల్చాలి. యాక్చుయేటర్ గాలి వదిలేసి స్ప్రింగు పూర్తిగా చాచుకున్నాక క్లెవిస్ పిన్ (యాక్చుయేటర్‌ని లివర్‌కి కలిపేది) తీయండి. ఇప్పుడు బ్లేడుని చేత్తో తిప్పండి. ఒక చేత్తో సాఫీగా తిరిగితే బుష్‌లు బాగున్నట్టే, తప్పు గాలి వైపు. పైపు తగిలించి తిప్పాల్సి వస్తే బుష్ పట్టేసింది, యాక్చుయేటర్ పాపం ఏమీ చేయలేదు.

బొగ్గుఓడ_ఫోర్త్
తీశాను. చేత్తో తిరుగుతోంది, కొంచెం గరగరమంటోంది కానీ బరువు లేదు.

గాలిగొట్టం
యాక్చుయేటర్ పక్కన క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్ (గాలిని త్వరగా వదిలేది) ఉంటుంది. దాని నోటికి బొటనవేలి చివరంత ఇత్తడి సైలెన్సర్, జల్లెడ గుళికలా ఉంటుంది. దాని రంగేమిటో చూసి చెప్పండి.

బొగ్గుఓడ_ఫోర్త్
తెలుపు. మొత్తం ఫ్యాన్ రూమ్ రంగే.

గాలిగొట్టం
అదే మీ 40 సెకన్లు. ఇత్తడి రంగు కనిపించాల్సినది తెల్లగా ఉందంటే రంధ్రాలన్నీ పెయింటుతో మూసుకున్నాయి. గాలి బయటికి పోలేక, సన్నగా కారినంత వేగంతోనే స్ప్రింగు తోస్తోంది. సైలెన్సర్ విప్పేసి ఒకసారి మూసి చూడండి, 5 సెకన్ల లోపు పడుతుంది. థిన్నర్‌లో నానబెట్టి శుభ్రం చేయొచ్చు, కానీ కొత్తది వేయడమే మేలు, చాలా చవక. విప్పిన నోరు ఊరికే వదలొద్దు, బొగ్గు దుమ్ము వాల్వ్ లోపలికి పోతుంది.

లైనులో నీళ్లున్నాయేమో కూడా చూడండి. ఫైర్ స్టేషన్లో ఈ డ్యాంపర్ల గాలి సీసా అడుగున డ్రెయిన్ తెరవండి. ఎక్కువ నీళ్లొస్తే లోపల సీలింగ్ రింగుల దగ్గర తుప్పు మొదలై ఉంటుంది.

ఎలక్ట్రో_వైజాగ్
గాలిగొట్టం గారు రంగు అడిగి రోగం చెప్పారు, బాగుంది. పెయింటు వేసే ముందు సైలెన్సర్, గ్రీజు నిపిల్, ఫ్యూజిబుల్ లింకు (వేడికి కరిగి డ్యాంపర్ పడేలా చేసేది), గుర్తు బిళ్ల, ఈ నాలుగింటికీ మాస్కింగ్ టేపు చుట్టమని డెక్కు కుర్రాళ్లకి చెప్పాలి.

డెక్కు_మీద_బోసన్
చెప్తే చుడతాం సార్. ఏవేవో తెలియకే వేస్తాం. ఒకసారి వచ్చి వేలు పెట్టి చూపించండి.

ఎలక్ట్రో_వైజాగ్
నిజమే బోసన్ గారూ, చూపించాల్సిన బాధ్యత ఇంజన్ వాళ్లదే.

క్యాడెట్_శ్రీకాకుళం
ఫ్యూజిబుల్ లింకు మీద పెయింటు పడితే ఏమవుతుంది? కరిగేది లోపలి లోహమే కదా.

సర్వే_కాగితం
పెయింటు పొర వేడిని ఆలస్యం చేస్తుంది. ఇంకా పెద్ద చిక్కు, కరిగాక కూడా రెండు రేకుల్ని పెయింటు అంటించి పట్టుకుంటుంది. రంగు పడితే గీకొద్దు, మార్చడమే. అకామొడేషన్ (సిబ్బంది గదుల) డక్టుల్లో మామూలుగా కనిపించేది 72 డిగ్రీల లింకు. గ్యాలీ (వంటగది) ఎగ్జాస్ట్‌లో మామూలుగానే వేడి ఎక్కువ, అక్కడ డ్రాయింగులో రాసిన డిగ్రీలదే వేయాలి. చేతికి దొరికింది వేస్తే వేపుడు రోజున డ్యాంపర్ పడిపోతుంది. చాలా ఓడల్లో గ్యాలీ డక్టుకి కింద ఒకటి, పైన ఒకటి, రెండు డ్యాంపర్లు ఉంటాయి. కిందది ఆటోమేటిక్, రిమోట్ కూడా. పైది రిమోట్. చాలామంది కింది దాన్ని పరీక్షించి ఊరుకుంటారు.

బొగ్గుఓడ_ఫోర్త్
సైలెన్సర్ విప్పాను. 4 సెకన్లు! గాలిగొట్టం గారికి దండాలు.

ఇప్పుడు ఆ నక్షత్రాలు. బ్లేడు 6 మి.మీ. అని డ్రాయింగులో ఉంది. సుత్తి మొనతో తడితే ఒక చోట లోపలికి దిగింది. అరచేయంత మేర పల్చబడింది. ఎపాక్సీ పుట్టీ పెట్టి పెయింటు వేద్దామని చీఫ్ ఇంజనీర్ అంటున్నారు, ఇంత చిన్న రంధ్రాలకి ఎంత గాలి పోతుందని.

సర్వే_కాగితం
పుట్టీ మంటలో నిలవదు. డ్యాంపర్ పని మొదలయ్యేదే మంటతో. చీఫ్ గారికి ఈ లెక్క చూపించండి.

ఇంజన్ రూమ్ 6000 ఘనపు మీటర్లు అనుకుందాం, కేసింగ్ కాకుండా. అందులో 40 శాతం, అంటే 2400 ఘనపు మీటర్ల మంట ఆర్పే సీఓటూ గ్యాసు కావాలి. కిలోకి 0.56 ఘనపు మీటర్ల చొప్పున 4286 కిలోలు. 45 కిలోల సీసాలైతే 96. దానిలో 85 శాతం రెండు నిమిషాల్లో లోపలికి వెళ్లిపోవాలి. అంత గ్యాసు ఒక్కసారిగా వచ్చేసరికి లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి తోసుకుని పోతుంది. మంట వేడికి పైకి లేచిన గ్యాసుకి మొదట కనిపించే దారి ఫ్యాన్ ట్రంకే. రెండోసారి వదలడానికి ఓడ మీద ఇంకో 96 సీసాలు ఉండవు.

ఉప్పుగాలి
రంధ్రాల కన్నా ఆ చేయి దూరే సందు ఎక్కువ భయం. అది బయటపడింది, సంతోషం. కానీ రంధ్రం ఉన్న బ్లేడు పీఎస్‌సీ వాళ్ల కంట పడితే డిటెన్షన్ (ఓడని ఆపేయడం) దాకా పోవచ్చు. 2023 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ప్యారిస్, టోక్యో ఎంఓయూలు (రేవు తనిఖీల ప్రాంతీయ ఒప్పంద సంస్థలు) రెండూ ఫైర్ సేఫ్టీ మీదే ప్రత్యేక తనిఖీ పెట్టాయి. వాళ్లు లివర్ చూసి ఊరుకోరు. ఒకరిని లివర్ దగ్గర నిలబెట్టి, ఇంకొకరు ట్రంకులో తలపెట్టి చూస్తారు.

రాయపురం_వర్క్‌షాప్
బ్లేడు మార్చేయండి. 1000 వ్యాసం, 6 మి.మీ. ప్లేటు 37 కిలోలు తూగుతుంది. ఇద్దరు మనుషులు, ఒక చైన్ బ్లాకు. యూ క్లాంపు బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి, ముందు రాత్రే చొచ్చుకుపోయే ఆయిల్ కొట్టి ఉంచండి. ఊరికే వ్యాసం చెప్పి ప్లేటు కోయించొద్దు. పాత ట్రంకు పూర్తి గుండ్రంగా ఉండదు. నాలుగు చోట్ల లోపలి వ్యాసం కొలవండి, అట్టతో నమూనా కోసి ట్రంకులో పెట్టి చూసి, ఆ అట్టే వర్క్‌షాప్‌కి పంపండి. చుట్టూ 4-5 మి.మీ. వదలండి, మిగతాది స్టాపర్ పట్టీ కప్పుతుంది.

గాల్వనైజింగ్‌కి మూడు రోజులు చాలవు. బ్లాస్టింగ్ చేసి జింక్ ప్రైమర్ రెండు పూతలు చాలు. అంచు మీద బ్రష్షుతో ఇంకో పూత ప్రత్యేకంగా వేయించండి, తుప్పు మొదలయ్యేది అంచునే. ఓడ నుంచి ముక్క దించి మళ్లీ ఎక్కించాలంటే ఏజెంటుతో కస్టమ్స్ కాగితం, గేటు పాసు ఇవాళే మొదలెట్టించండి. ప్లేటు పని కన్నా దానికే ఎక్కువ సమయం.

సర్వే_కాగితం
క్లాసుకి (ఓడకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకి) ముందే చెప్పండి. మీరే చెప్తే సర్వేయరు వచ్చి చూసి సరిచేసిన కాగితం ఇస్తారు. వాళ్లంతట వాళ్లు కనిపెడితే కథ వేరు. పాత ప్లేటు మీద అతుకు వేస్తే శాశ్వత రిపేరుగా తీసుకోరు.

క్యాడెట్_శ్రీకాకుళం
కొత్త బ్లేడు వేశాక హోసు టెస్టు (నీళ్లు కొట్టి చూడడం) చేయాలా?

సర్వే_కాగితం
దీనికి అవసరం లేదు. ఫైర్ డ్యాంపర్ వేరు, వెదర్‌టైట్ (నీరు చొరని) మూత వేరు. నీటి పరీక్ష డెక్కు మీది వెంటిలేటర్ మూతలకి: 12 మి.మీ. నాజిల్, 2 బార్, ఒకటిన్నర మీటరు మించని దూరం. ఈ డ్యాంపర్‌కి వెలుతురు పరీక్ష చాలు. మూసి, లోపల దీపాలు ఆర్పి చూడాలి.

డెక్కు_మీద_బోసన్
మా మష్రూమ్ (పుట్టగొడుగు ఆకారపు) వెంట్‌లకి సుద్ద పరీక్ష. కోమింగ్ (వెంట్ చుట్టూ లేచిన గోడ) అంచుకి చుట్టూ సుద్ద రాసి మూత బిగించి తీస్తే, రబ్బరు మీద గీత తెగకుండా గుండ్రంగా పడాలి. తెగిన చోట రబ్బరు గట్టిపడిందో, పెయింటు పడిందో ఉంటుంది. చక్రం మర స్పిండిల్‌కి గ్రీజు పెట్టకపోతే మూత సగంలో ఆగుతుంది, గీత ఎంత బాగున్నా లాభం లేదు.

బొగ్గుఓడ_ఫోర్త్
బుష్ గరగర గురించి ఒక మాట. నిపిల్ ఉంది, గ్రీజు ఎక్కట్లేదు.

కాట్టుపల్లి_ఫిట్టర్
నిపిల్ విప్పు. దాని దారిలో పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంటుంది, సన్నటి డ్రిల్లు బిట్టు చేత్తో తిప్పి తీసెయ్. కిరసనాయిలు కొట్టి బ్లేడు ఇటూ అటూ పదిసార్లు తిప్పు, నల్లటి బురద వస్తుంది. శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా చేసి అప్పుడు కొత్త నిపిల్. బుష్‌కి అసలు నిపిల్ లేని డ్యాంపర్లు ఉంటే 5 మి.మీ. రంధ్రం, ఎం6 ట్యాపు, నిపిల్. గోడ మందం చూసుకుని చెయ్.

ఉప్పుగాలి
బొగ్గు ఓడలో గ్రీజు పెట్టడమే తప్పంటాను. దుమ్ము అంటుకుని సానరాయి ముద్దలా అవుతుంది.

కాట్టుపల్లి_ఫిట్టర్
దుమ్ము మాట నిజం. కానీ గ్రీజు లేకపోతే ఉప్పు గాలికి ఇనుప స్పిండిల్ ఆరు నెలల్లో పట్టేస్తుంది. పెట్టాలి, పాతది బయటికి వచ్చేదాకా తోయాలి, బయటికి వచ్చింది గుడ్డతో పూర్తిగా తుడవాలి. బయట మిగిలిన గ్రీజే దుమ్ముని పట్టుకునేది. బొగ్గు దించడం పూర్తయ్యాక ఇంకోసారి.

ఉప్పుగాలి
తుడిచేవాళ్లుంటే ఒప్పుకుంటా. కాల్షియం సల్ఫొనేట్ గ్రీజు అయితే ఉప్పునీటికి బాగా ఆగుతుంది.

క్యాడెట్_శ్రీకాకుళం
స్టెయిన్‌లెస్ స్పిండిల్ వేసేస్తే గొడవ ఉండదు కదా?

కాట్టుపల్లి_ఫిట్టర్
కంచు బుష్‌లో అయితే బాగుంటుంది. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ వేస్తే ఒకదాన్నొకటి కొరుక్కుని తుప్పు లేకుండానే పట్టేస్తాయి.

రెండో_ఇంజనీర్_కాకినాడ
ఫోర్త్, ఎలాగూ రౌండు వేస్తున్నావు కాబట్టి ఎమర్జెన్సీ జనరేటర్ గది లూవర్లు (గాలి రేకులు) కూడా చూడు. అక్కడ తర్కం తిరగబడుతుంది. చేత్తో నడిపేదైతే ఎప్పుడూ తెరిచే ఉంచాలి, ఆ మాట రాసిన పలక పక్కన ఉండాలి. గాలితోనో కరెంటుతోనో నడిచేదైతే ఆ సరఫరా పోయినప్పుడు తెరుచుకోవాలి, జనరేటర్ స్టార్ట్ అవగానే తెరుచుకోవాలి. మీ ఫ్యాన్ డ్యాంపర్లకి వేసినట్టు అక్కడ మూసే స్ప్రింగు వేస్తే, బ్లాకౌట్ రోజున జనరేటర్ ఊపిరాడక ఆగిపోతుంది. బ్యాటరీ గది మూత కూడా తెరిచే ఉండాలి, మంటప్పుడే మూయాలి.

పరీక్షల సంగతి: ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) ఎంఎస్‌సీ సర్క్యులర్ 1432 ప్రకారం మూడు నెలలకోసారి అన్ని ఫైర్ డ్యాంపర్లూ అక్కడికక్కడ, ఏడాదికోసారి రిమోట్ నుంచి. రిమోట్ పరీక్ష రోజున సెకన్లు రాయండి. ఈ రెండో నంబరుది పోయిన ఏడాది 9, అంతకు ముందు 5 అని రాసి ఉంటే సైలెన్సర్ ఎప్పుడో దొరికేది.

బొగ్గుఓడ_ఫోర్త్
రిజిస్టరులో అన్నిటికీ "సంతృప్తికరం" అని మాత్రమే ఉంది సార్. ఇప్పటినుంచి సెకన్లు రాస్తాను.

కాట్టుపల్లి_ఫిట్టర్
ఇంకోటి చెయ్. బ్లేడు మార్చాక స్పిండిల్ చివర, బ్లేడుకి సమాంతరంగా, హ్యాక్సా బ్లేడుతో 2 మి.మీ. లోతు గాటు పెట్టు. తెల్ల పెయింటు నింపు. లివర్ ఏం చెప్పినా, పిన్ను తెగినా, గాటు ఎటు ఉంటే బ్లేడు అటే ఉన్నట్టు. అది లివర్ బాస్ మీద కాదు, స్పిండిల్ మీదే ఉండాలి.

రాయపురం_వర్క్‌షాప్
ప్లేటు అట్ట నమూనా అందింది. రేపు సాయంత్రానికి ప్రైమరు ఆరుతుంది. గేటు దాకా మా కుర్రాడు తెస్తాడు, మీకు పులిహోర పొట్లం కూడా పంపుతున్నా.

బొగ్గుఓడ_ఫోర్త్
పని అయింది. కొత్త బ్లేడు ఎక్కింది, పాత రంధ్రానికి 90 డిగ్రీల్లో కొత్త 8 మి.మీ. టేపర్ పిన్, కొత్త సైలెన్సర్. ఫైర్ స్టేషన్ నుంచి మూసే టైము 4 సెకన్లు. దీపాలార్పి చూశాం, చీకటి. క్లాసు సర్వేయరు మధ్యాహ్నం చూసి సంతకం పెట్టారు. "2 - ఓపెన్ / షట్" బిళ్ల పెయింటు గీకి మళ్లీ రాశాం. పులిహోర చీఫ్‌కి నచ్చింది.

నాలుగు డ్యాంపర్ల స్పిండిళ్లకీ గాట్లు పెట్టాం. పెడుతుంటే నాలుగో దానిలో లివర్‌కీ గాటుకీ 3 డిగ్రీల తేడా బయటపడింది. స్టాపర్ దగ్గర 26 మి.మీ. సందు. సెయిలింగ్ రేపు ఉదయం 6కి. ఈ రాత్రికే దాని పిన్ను కూడా మార్చేస్తున్నాం.

కాట్టుపల్లి_ఫిట్టర్
పాతది తీసేటప్పుడు సన్న మొన వైపు నుంచి కొట్టు, లావు వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది. ఏది సన్నమో పెయింటు గీకి వెర్నియర్ పెట్టి చూసుకో. తేడా ఒక మి.మీ. లోపే, కంటికి ఆనదు.